ఓపిక అని పేరు పెట్టి

వేరుశనగ వ్యాపారంలో హెచ్‌.పి.ఎస్‌. అనే మాట ఒకటి వాడుకలో ఉంది. హ్యాండ్‌ పిక్డ్‌ సెలెక్టెడ్‌ అన్నది దాని పూర్తి రూపం. చేత్తో ఏరి ఎంపిక చేసిన గింజలు అని అర్థం. నూనె ఆడటానికి కాకుండా నేరుగా తినడానికి మన దేశం నుంచి ఎగుమతి అయ్యే వేరుశనగ గింజలను ఈ పేరుతోనే అమ్ముతారు. ఇవాళ ఆ గింజల్లో ఎక్కువ భాగాన్ని ఏరుతున్నవి జల్లెడ యంత్రాలు, కెమెరాలు. అయినా పేరు మారలేదు. యంత్రం ఏరిన గింజల సంచి మీద కూడా ‘చేత్తో ఏరినవి’ అనే ఉంటుంది.

ఆ పేరులో మిగిలిన చెయ్యి ఎవరిదో మనకు తెలుసు. చిత్తూరు, అనంతపురం జిల్లాల్లో చేలో కాయ కోసిందీ, కాయ ఒలిచిందీ, గింజ ఏరిందీ చాలావరకు స్త్రీలే. నా ప్రశ్న ఆ చెయ్యి గురించి. ఒక పనిని స్త్రీ చేసినప్పుడు దానికి ‘ఓపిక’ అని పేరు. అదే పని యంత్రం చేస్తే ‘సామర్థ్యం’ అని పేరు. ఇది కేవలం మాటల్లో తేడానా? లేక ఎవరికి ఎంత ఇవ్వాలన్నది ఈ మాటల దగ్గరే తేలిపోతోందా?

ముందు ఆ పనేమిటో చెప్పాలి. గింజల సైజును ఔన్సుకు ఎన్ని గింజలు తూగుతాయన్న లెక్కతో కొలుస్తారు. 40/50 అంటే సుమారు 28 గ్రాముల ఔన్సుకు 40 నుంచి 50 గింజలు. ఆ తర్వాత 50/60, 60/70, 70/80, 80/90. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది. ఒక సంచిలో ఒకే సైజు ఉండాలి. పుచ్చుగింజ, సొట్టగింజ, పగిలిన బద్ద, రంగు మారినది, పొట్టు ఊడినది ఉండకూడదు. ఇలాంటి పనులు ప్రపంచంలో ఎక్కడ చూసినా స్త్రీలకే వచ్చాయి. అమెరికాలోని మేజోళ్ల మిల్లుల్లో పొడవు, రంగు సరిగ్గా కలిసే రెండింటిని ఏరి జత చేసే పనికి ‘పెయిరింగ్‌’ అని పేరు. ఆ బల్లల ముందు కూర్చున్నదీ స్త్రీలే. ఒకేలా కనిపించే వందల వస్తువుల్లో తేడాను పట్టుకోవడం ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన గుణమని అక్కడి యజమానులూ అనుకున్నారు, ఇక్కడి యజమానులూ అనుకున్నారు.

మా మేనత్తది వాయల్పాడు దగ్గర పల్లె. 1980ల మొదట్లో నేను బడి సెలవులకు అక్కడికి వెళ్లేదాన్ని. మా వైపు వేరుశనగ కాయల్ని చెనిక్కాయలంటారు. తొలకరికి ముందు విత్తనాల కోసం కాయలు చేత్తోనే ఒలిచేవాళ్లు. యంత్రంలో వేస్తే గింజ పైపొర చిట్లుతుంది, చిట్లిన గింజ సరిగా మొలవదు. పెద్ద రైతుల ఇళ్ల వసారాల్లో ఇరవై, ముప్పైమంది ఆడవాళ్లు గుంపుగా కూర్చునేవాళ్లు. ఒలిచిన గింజల్ని పడితో కొలిచి, పడికింత అని కూలి ఇచ్చేవాళ్లు. ఒలిచేటప్పుడే ఏరడం కూడా అయిపోవాలి. విత్తనానికి పనికొచ్చేది ఒక చేటలోకి, తినడానికి ఒక చేటలోకి, గానుగకు ఒక చేటలోకి. ఈ రెండో పనికి వేరే కూలి లేదు. ఒలిచే కూలిలోనే అదీ కలిసిపోయేది.

మా అత్త చేతుల్ని చూస్తూ ఒకసారి అడిగాను, అంత తొందరగా ఎట్ల తెలుస్తుందని. “కంటి కంటే ముందు యేలికి తెలిసిపోతుంది పాపా” అనింది. లోపల బోలుగా ఉన్న గింజ బరువు తక్కువ. పైకి నున్నగా కనిపించినా లోపల బూజు పట్టిన గింజ వేళ్ల మధ్య ఒకలాగా జారుతుంది. ఆమె చెప్పింది ఇంతే. ఇంతకంటే వివరంగా చెప్పడం ఆమెకు రాలేదు, అవసరమూ పడలేదు. ఆమెను ఎవరూ ‘చెయ్యి తిరిగిన మనిషి’ అనలేదు. ఆ మాటను మనం రచయితకు వాడతాం, శిల్పికి వాడతాం, వంట బాగా చేసేవాళ్లకు వాడతాం. చెనిక్కాయలు ఏరే ఆడమనిషికి వాడగా నేను వినలేదు. ఆమె గురించి అందరూ అన్నది “ఆ యమ్మకు శానా ఓపిక” అని.

ఇంగ్లీషు పేరులో ఎంపిక అన్న గౌరవం ఉంది. తెలుగులో ఆ పనిని రెండు రకాలుగా చెబుతాం. ఏరుకోవడం వేరు, ఏరెయ్యడం వేరు. ఏరుకునేవాళ్లకు కావలసింది దక్కుతుంది. ఏరేసేవాళ్లు అక్కర్లేనిదాన్ని తీసి పక్కన పెడతారు, మంచిది ఇంకొకరికి పోతుంది. కొనేవాడు ఏరుకుంటాడు, కూలిమనిషి ఏరేస్తుంది. ‘ఎంపిక చేసినవి’ అని సంచి మీద రాసినప్పుడు ఆ ఎంపిక కొనేవాడి ఇష్టంగా కనబడుతుంది. ఆ ఇష్టాన్ని గింజ గింజకూ అమలు చేసిన మనిషి ఎవరికీ కనబడదు.

ఇక యంత్రం సంగతి. 1930ల్లోనే అమెరికాలోని మిషిగన్‌ రాష్ట్రంలో కాంతిని గుర్తించే పరికరాలతో చిక్కుడు గింజలు ఏరే యంత్రాలు వచ్చాయి. అంతకు ముందు అక్కడ కదిలే బెల్టుల ముందు కూర్చుని గింజలు ఏరినదీ స్త్రీలే. మన దగ్గర ఇప్పుడు నడుస్తున్న యంత్రాలు వాటి మునిమనవరాళ్లు. పొట్టు తీసే యంత్రం నుంచి వచ్చిన గింజలు ముందు రాళ్లు తీసే బల్ల మీద పడతాయి. తర్వాత వేరువేరు సైజుల చిల్లులున్న జల్లెడలు ఊగుతూ వాటిని 40/50, 50/60 అని విడదీస్తాయి. ఆ తర్వాత వాలుగా ఉన్న గాడుల్లోంచి గింజలు జారిపోతుంటే కెమెరాలు ఒక్కొక్క గింజనూ చూస్తాయి. రంగు తేడాగా ఉన్న గింజ కనబడితే సన్నటి గొట్టంలోంచి గాలి ఒక్క ఊపు ఊది దాన్ని పక్కకు తోసేస్తుంది. ఇదంతా రెప్పపాటు కంటే తక్కువ సమయంలో జరుగుతుంది. చూడటానికి నిజంగా అద్భుతంగానే ఉంటుంది.

కొన్నేళ్ల కిందట మా విద్యార్థినులు స్త్రీల కూలి పనుల మీద ప్రాజెక్టు చేస్తుంటే వాళ్లతో పాటు జిల్లా పడమటి వైపు ఉన్న ఒక యూనిట్‌కు వెళ్లాను. యంత్రాలన్నీ ఉన్నాయి. వాటి చివర, గింజలు సంచిలో పడే ముందు, ఒక బెల్టు కదులుతోంది. దానికి రెండు వైపులా పన్నెండుమంది ఆడవాళ్లు నిలబడి ఏరుతున్నారు. కెమెరా వదిలేసినవాటిని పట్టుకోవడం వాళ్ల పని. అంటే హెచ్‌.పి.ఎస్‌. అన్న పేరు పూర్తిగా అబద్ధం కాదు. ఆఖరి చెయ్యి ఇప్పటికీ వాళ్లదే. హాజరు పుస్తకంలో యంత్రం నడిపే కుర్రాడి పేరు ఎదురుగా ‘ఆపరేటర్‌’ అని ఉంది. ఈ పన్నెండుమంది ఎదురుగా ‘హెల్పర్‌’ అని ఉంది. ఆపరేటర్‌ కూలి వాళ్ల కూలికి రెట్టింపు కంటే ఎక్కువ.

మేనేజరు మర్యాదస్తుడు. “ఈ పనికి ఆడోళ్లే కావాల మేడం. మొగోళ్లకు అంత ఓపిక యాడుంటుంది?” అన్నాడు. పొగడ్తగానే అన్నాడు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ పొగడ్తే. ఓపిక లేని మగవాడికి ఈ పని రాదు అంటే, ఆ పనికి కావలసినది ఏదో అందరికీ ఉండదన్నమాట. అందరికీ లేనిదాన్ని ఇంకెక్కడైనా నైపుణ్యం అంటాం, దానికి ధర కడతాం. ఇక్కడ మాత్రం దాన్ని సుగుణం అన్నాం. సుగుణానికి ధర కట్టడం అమర్యాద కదా! తల్లి ప్రేమకు వెల కడతామా అన్నట్టే ఆడకూలీ ఓపికకు వెల కడతామా అని సాగుతుంది ఆ తర్కం. మెచ్చుకోలు ఎంత పెరిగితే కూలి అడగడం అంత కష్టమవుతుంది.

స్త్రీవాద అర్థశాస్త్రంలో ఈ విషయం కొత్తది కాదు. 1981లో డయాన్‌ ఎల్సన్‌, రూత్‌ పియర్సన్‌ ఎగుమతి ఫ్యాక్టరీల్లోని స్త్రీల గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ‘చురుకైన వేళ్లు’ అన్న మాటను విప్పి చూపించారు. ఆ చురుకు పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో తల్లి దగ్గర, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న శిక్షణ వల్ల వచ్చింది. ఆ శిక్షణకు సర్టిఫికెట్‌ లేదు, ఫీజు లేదు, కాబట్టి అది శిక్షణే కాదన్నట్టు లెక్కలోంచి తప్పిపోయింది. మా అత్త వేళ్లకు ఆ తెలివి ఎక్కడి నుంచి వచ్చింది? బియ్యంలో రాళ్లు ఏరి, కందిపప్పులో మట్టిబెడ్డలు ఏరి, పిల్లల తలల్లో పేలు ఏరి వచ్చింది. ముప్పై ఏళ్ల అభ్యాసం అది. ఐటీఐలో రెండేళ్లు చదివితే నైపుణ్యం, వసారాలో ముప్పై ఏళ్లు కూర్చుంటే స్వభావం!

సుగుణానికీ నైపుణ్యానికీ తేడా ఎలా తెలుసుకోవాలి? అరిస్టాటిల్‌ నికోమేకియన్‌ ఎథిక్స్‌ ఆరో పుస్తకంలో దీనికి ఒక గుర్తు చెప్పాడు. కళలో కావాలని తప్పు చేసేవాడు తెలియక తప్పు చేసేవాడి కంటే మేలు, ఎందుకంటే పని వచ్చు కాబట్టే కావాలని చెడగొట్టగలిగాడు. సుగుణం విషయంలో ఇది తలకిందులు. కావాలని క్రూరంగా ప్రవర్తించినవాడిని దయగల విషయంలో నిపుణుడు అనం. ఆ పెద్దమనిషికి స్త్రీల పట్ల, చేతిపని చేసేవాళ్ల పట్ల ఉన్న అభిప్రాయాలు మనకు తెలియనివి కావు. అయినా ఈ గుర్తు మాత్రం మనకు పనికొస్తుంది.

ఎలాగంటే, మా అత్త ఊళ్లో ఒక ఏడాది ఒక ఆసామి పడిని నిండుగా శిఖ కట్టించి కొలిపించుకుని, కూలి మామూలు పడికే ఇచ్చాడట. ఆడవాళ్లు గొడవ పడలేదు. మర్నాటి నుంచి ఒలవడం మాత్రం ఒలిచారు, ఏరడం మానేశారు. మంచిదీ పుచ్చుదీ ఒకే చేటలో పోశారు. ఎవరైనా అడిగితే “మాకు కండ్లు సరిగా ఆనలేదు” అన్నారట. మూడో రోజుకు కొలత మామూలుకు వచ్చింది. ఈ సంగతి మా అత్త నవ్వుతూ చాలాసార్లు చెప్పేది. అరిస్టాటిల్‌ గుర్తు ప్రకారం చూస్తే వాళ్లు చూపించింది నైపుణ్యమే. తమ చేతిలో ఉన్నదాన్ని కావాలనుకున్నప్పుడు ఆపగలిగారు. ఓపిక స్వభావమే అయి ఉంటే అన్యాయపు కొలత ముందు కూడా వేళ్లు వాటంతట అవే ఏరుతూ పోవాలి కదా. ‘స్వభావం’ అన్న మాట ఇష్టపడేవాళ్లకు అందులో లాభం ఇదే. స్వభావం సమ్మె చెయ్యదు.

యంత్రం వద్దని నేను చెప్పడం లేదు. ఆ వసారాలను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. గంటల తరబడి కూర్చుని నడుములు పోయాయి, దుమ్ముకు దగ్గులు పట్టుకున్నాయి. అంతకంటే పెద్ద ప్రమాదం బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం వెతికితే వాటి దాణాలో కలిపిన వేరుశనగ పిండిలో అఫ్లటాక్సిన్‌ అనే బూజు విషం బయటపడింది. అది కాలేయ క్యాన్సర్‌కు దారితీసే విషం. నేరుగా తినే వేరుశనగలో అఫ్లటాక్సిన్లన్నీ కలిపి కిలోకు 4 మైక్రోగ్రాములకు మించకూడదని యూరోపియన్‌ యూనియన్‌ నిబంధన. ఆ విషం ఉన్న గింజల్లో చాలావాటిని రంగును బట్టి, సైజును బట్టి వేరు చెయ్యవచ్చు. యంత్రం గంటకు టన్నుల లెక్కన ఆ పని చేస్తుంది. బూజు గింజల దుమ్ము పీల్చే పని యంత్రానికి పోతే మంచిదే.

అయితే ఏరేసినవి ఎక్కడికి పోతాయి? వాటిని నూనెకు పంపడం మామూలు. నూనెను శుద్ధి చేస్తే విషం చాలావరకు పోతుంది. కానీ చెక్కలో మిగిలిపోతుంది. ఆ చెక్క పశువుల దాణాలోకి పోతుంది. ఆవు తిన్న విషంలో కొంత భాగం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. చిత్తూరు పాడి జిల్లా. ఆవుకు చెక్క నానబెట్టేదీ, పాలు పిండేదీ, పిల్లలకు ఆ పాలు కాచి ఇచ్చేదీ ఎవరు? ఎగుమతి సంచికి పనికిరానిదని పొద్దున ఫ్యాక్టరీలో ఏరేసిన స్త్రీ ఇంటికే సాయంత్రం అది తిరిగి వస్తోంది. మేలు రకం దూరదేశానికి, మిగులు మన ఊరికి అన్న విభజన కెమెరా చేసింది కాదు. ఏ చేట ఎవరికి అన్నది మనుషులు పెట్టిన లెక్క. యంత్రం దాన్ని వేగంగా అమలు చేస్తుంది, అంతే.

యంత్రం వచ్చాక పని తేలికైందని కూడా అనుకుంటాం. ఆ బెల్టు దగ్గర కాసేపు నిలబడితే సంగతి వేరుగా ఉంది. ఎవరికైనా కనబడే పుచ్చుల్ని కెమెరా ముందే తీసేసింది. ఆఖరి బెల్టు మీద మిగిలినవి కెమెరాను కూడా మోసం చేసినవి. వెయ్యి మంచి గింజల మధ్య ఎక్కడో ఒక చెడ్డది. దాన్ని పట్టుకోవడానికి మునుపటి కంటే ఎక్కువ చూపు కావాలి. బెల్టు వేగం ఆమె చేతిలో లేదు. వసారాలో పాట పాడుకుంటూ, నీళ్లు తాగుతూ చేసిన పని ఇప్పుడు తల తిప్పితే తప్పిపోయే పని. యంత్రానికి మనుషుల చూపు ఇంకోచోట కూడా కావాలి. కొత్త సరుకు వచ్చినప్పుడు ఏది మంచిది, ఏది చెడ్డది అన్నది నమూనా గింజలు చూపించి దానికి నేర్పాలి. ఆ నమూనాలు ఎవరు ఏరి ఇస్తారని అక్కడి కుర్రాణ్ణి అడిగితే, బెల్టు దగ్గర అందరికంటే పెద్దామెను చూపించాడు. “ఆ యమ్మ ఏరిస్తే తప్పు పోదు” అన్నాడు. కృత్రిమ మేధకు బొమ్మలు గుర్తుపట్టడం, మాటలు గుర్తుపట్టడం నేర్పే పని కూడా ఇలాంటిదే. చూపు మనుషులది, పేరు యంత్రానిది. హాజరు పుస్తకంలో ఆ పెద్దామె కూడా హెల్పరే.

చట్టం దీనికి సాయపడుతుందా? 1976 నాటి సమాన వేతన చట్టం ‘ఒకే పని లేదా ఒకే తరహా పని’కి స్త్రీ పురుషులకు ఒకే కూలి ఇవ్వాలంది. ఒకే తరహా పని అంటే నైపుణ్యం, శ్రమ, బాధ్యత సమానంగా ఉన్న పని అని నిర్వచించింది. ఆ చట్టం స్థానంలో 2019లో చేసి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన వేతనాల కోడ్‌ కూడా ఇదే మాట వాడింది. కానీ ఆ బెల్టు దగ్గర ఒక్క మగవాడు కూడా లేడు. ఎవరితో పోల్చాలి? ఆపరేటర్‌తో పోల్చుదామంటే ముందు ఆమె పనిలో నైపుణ్యం ఉందని ఎవరైనా ఒప్పుకోవాలి. సమాన విలువ గల పనికి సమాన వేతనం అన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒడంబడికను మన దేశం 1958లోనే ఆమోదించింది. విలువ అన్న మాట విశాలమైనదే. అయితే ఏ పనికి ఎంత విలువ అని తేల్చే బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు ‘ఓపిక’ అన్న మాట ముందే నోట్లో ఉంది. చట్టం దాకా పోకముందే భాష దగ్గర ఆమె ఓడిపోతోంది.

అందుకే ఈ విషయం రాసేవాళ్లం, చదువు చెప్పేవాళ్లం అయిన మనకు సంబంధించింది. మన కథల్లో కష్టజీవి అయిన తల్లిని ఎన్నిసార్లు ‘ఓపికకు మారుపేరు’ అన్నాం? మన సిద్ధాంత గ్రంథాల్లో గ్రామీణ స్త్రీల శ్రమను వర్ణిస్తూ ‘సహజమైన నేర్పు’ అని ఎన్నిసార్లు రాశాం? ఆ మాటల్లో ప్రేమ ఉంది, కాదనను. కానీ మేనేజరు మాటలోనూ ఒకరకమైన ఆదరం ఉంది. విశ్వవిద్యాలయాల్లోనూ ఇది మనకు తెలియనిది కాదు. జవాబు పత్రాల కట్టలు సర్దడం, సదస్సు పత్రాల్లో తప్పులు దిద్దడం, విద్యార్థుల ఏడుపులు వినడం “మేడమ్స్‌ అయితే ఓపికగా చేస్తారు” అని మన బల్ల మీదికే వస్తాయి. పదోన్నతి ఫైలులో ఆ ఓపికకు గడి ఉండదు. మన నష్టమూ ఆ బెల్టు దగ్గరి స్త్రీల నష్టమూ సమానం కాదు. మనకు జీతం ఉంది, వాళ్లకు రోజుకూలి. కానీ ఈ రెండింటినీ నడిపించే మాట ఒకటే. ఆ మాటను మన దగ్గర ఒప్పుకోకుండా, వాళ్ల మీద మాత్రం మెచ్చుకోలుగా రాయడం న్యాయం కాదు.

ఓపిక చెడ్డదని కాదు. జబ్బు పడ్డవాళ్ల దగ్గర, పసిపిల్లల దగ్గర, కోపంలో ఉన్న స్నేహితురాలి దగ్గర అది అవసరమే. ఎవరైనా తన ఇష్టంతో మరొకరికి ఇచ్చేది అయితే ఓపిక సుగుణమే. దాన్ని ముందే లెక్కలో వేసుకుని, దాని మీద బెల్టు వేగం నిర్ణయించి, ఆ సరుకును ‘చేత్తో ఏరినవి’ అని అమ్ముకున్నాక దాన్ని సుగుణం అనడానికి వీల్లేదు. అప్పుడది కొనుక్కోవలసిన పనితనం. కొనకుండా వాడుకుంటే బాకీ.

ఆ రోజు భోజనాల వేళ మా విద్యార్థినులు ఆ పన్నెండుమందినీ ఒక ప్రశ్న అడిగారు. పుస్తకంలో మీ పనికి ఏ పేరు రాస్తే బాగుంటుందని. మా పిల్లలు ‘క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌’ లాంటి పెద్ద పేర్లు సిద్ధం చేసుకున్నారు. వాళ్లు కాసేపు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి నమూనాలు ఏరిచ్చే ఆ పెద్దామె అనింది: “హెల్పర్‌ అని రాసినారే, మేము ఎవురికి హెల్పు చేస్తా వుండాము? మా పని మేము చేస్తా వుండాము. ఏరేవాళ్లు అని రాసుకోమ్మా, సాలు. రాసినాక కూలి కూడా దానికి తగినట్టు రాయాల.”

మా ప్రాజెక్టు నివేదికలో ‘ఓపిక’ అన్న మాట ఉన్న ప్రతిచోటా దాన్ని కొట్టేసి ‘పనితనం’ అని రాశాం. కొన్ని వాక్యాలు దాంతో పూర్తిగా తిరగబడ్డాయి. ‘స్త్రీల ఓపిక వల్ల సరుకు నాణ్యత పెరుగుతోంది’ అన్న వాక్యం ‘స్త్రీల పనితనం వల్ల సరుకు నాణ్యత పెరుగుతోంది’ అయింది. అక్కడ ఆగడం కుదరలేదు. ఆ పెరిగిన నాణ్యతకు వచ్చిన డబ్బు ఎవరికి పోతోందన్న వాక్యం కూడా దాని కింద రాయవలసి వచ్చింది.